చెట్టు మీంచా, నిచ్చెన మీంచా

అరకులో ఆస్పత్రిలో చేరేనాటికి నా వయసు ఇరవై ఆరు. మాది బొబ్బిలి అవతల ఒక పల్లె. నాన్న వరి, చెరకు వేసేవాడు. నేను బీఎస్సీ జువాలజీ చదివి, విశాఖపట్నంలో ఆరు నెలలు మెడికల్ కోడింగ్ నేర్చుకుని, అక్కడే ఒక కంపెనీలో రెండేళ్లు పనిచేశాను. ఆ తర్వాత కొండమీద ఒక ట్రస్టు ఆస్పత్రిలో రికార్డులు చూడటానికి మనిషి కావాలంటే వచ్చాను. అమ్మ ఊళ్లో అందరికీ "మా గుంట డాక్టర్లు రాసిందానికి నెంబర్లేత్తాది" అని చెప్పుకునేది. ఆ మాట నిజమే. మనిషికి చెయ్యి విరిగిందనుకోండి, విరిగినదానికి ఒక కోడ్ వేస్తాం. ఎలా విరిగిందన్నదానికి ఇంకొకటి వేస్తాం. కోడి పొడిస్తే ఒకటి, ఆవు తన్నితే ఒకటి, మెట్ల మీంచి జారితే ఒకటి. కారణం తెలియకపోతే 'కారణం తెలియదు' అనడానికి కూడా ఒక కోడ్ ఉంది. నా రికార్డుల్లో అదే ఎక్కువగా కనిపించేది.

నా తప్పు కాదనుకునేదాన్ని. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆదివాసీలు. వాళ్లలో వాళ్లు ఒడియాలోనో, కువిలోనో మాట్లాడుకునేవారు. నాకు వాళ్ల ఒడియాలో ఒక అరడజను మాటలు వచ్చు. చెట్టు, పడటం, నొప్పి, నీళ్లు, ఎప్పుడు, ఎక్కడ. ఏమైందని అడిగితే "పడిపోనాడు" అనేవారు. ఎక్కడినుంచి అంటే చెయ్యి పైకి చూపించేవారు. నేను చెట్టు మీంచి పడ్డట్టు రాసుకునేదాన్ని. చెయ్యి చూపించకపోతే కారణం తెలియదని రాసేదాన్ని. రెండేళ్లు అలా గడిచాయి. ఆ ఆస్పత్రిలో కోడింగ్ తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, నేను రాసినదాన్ని ఎవరూ తిరగేసి చూడలేదు. డాక్టరుగారు ఏదైనా అడగాలంటే నా గదిలోకి వచ్చి, నా కుర్చీ పక్కన నిలబడి అడిగేవారు. ఆమెది రాజమండ్రి వైపు. గట్టిగా మాట్లాడరు, ఎవర్నీ ఊరికే పొగడరు. ఆమె నా స్క్రీన్ మీదకి వంగి చూస్తూ "ఊఁ, బాగుంది" అంటే ఆ రోజంతా నాకు తినకపోయినా కడుపు నిండినట్టుండేది.

అక్టోబరు చివర, కొండవాలుల్లో పసుపు వలిసె పూలు పూసే రోజుల్లో, ఓపీ కౌంటర్లో కూర్చోవడానికి కొత్త అమ్మాయి చేరింది. డుంబ్రిగుడ దాటి లోపలికి వెళ్తే వాళ్ల ఊరు. ఆశ్రమ పాఠశాలలో చదువుకుని, అరకులోనే డిగ్రీ చేసింది. బీఎస్సీ బోటనీ. ఇరవై రెండేళ్లుంటాయి. ఎప్పుడూ ఆకుపచ్చ స్వెట్టర్ వేసుకుని, జడలో పెన్ను గుచ్చుకుని ఉండేది. మొదటిరోజు నా దగ్గరకొచ్చి, "అక్కా, మీది జువాలజీ అట కదా. నాది బోటనీ. మనిద్దరం కలిస్తే ఒక పూర్తి సబ్జెక్టు" అంది నవ్వుతూ. నేను కూడా నవ్వాను. అంతవరకూ ఆమె మీద నాకేమీ లేదు.

వారం తిరక్కుండానే మొదలైంది. నన్ను చూస్తే ముడుచుకుపోయే ముసలమ్మలు ఆమె కౌంటర్ దగ్గర మోచేతులు ఆనించి కబుర్లు చెప్పేవారు. కొందరు ఆమెకని సంచిలో చిలగడదుంపలు, పిప్పళ్లు తెచ్చేవారు. ఆయా టీ పట్టుకొస్తే మొదటి గ్లాసు నా టేబుల్ మీద పెట్టేది ఇంతకుముందు. ఇప్పుడు కౌంటర్ మీంచి వస్తూ అక్కడ ఒకటి పెట్టి, తర్వాత నా గదికి వచ్చేది. కౌంటర్ దగ్గరగా ఉంటుంది, నా గది దూరం. అంతే. అయినా నేను ఆ గ్లాసు పట్టుకుని వేడిగా ఉందా లేదా అని చూసుకునేదాన్ని.

కాఫీ పళ్లు కోసే కాలంలో ఒక మధ్యాహ్నం జీపులో ఏడెనిమిది మంది ఆడవాళ్లు దిగారు. చేతులు, మెడలు ఎర్రగా కంది, దద్దుర్లు తేలి ఉన్నాయి. గోక్కుని గోక్కుని కొందరికి రక్తం కూడా కారుతోంది. అప్పటికే పేడ రాసుకుని కడుక్కుని వచ్చినట్టున్నారు, వరండా అంతా అదే వాసన. డాక్టరుగారు ఒక్కొక్కరి చేతులూ తిప్పి చూస్తున్నారు. ల్యాబ్ టెక్నీషియన్ తలుపు దగ్గర నిలబడి, "ఏటుంది మేడం, గజ్జి కదేటి? ఒకే పాకలో పడుకుంతారు కదా, అందరికీ అంటుకునుంటాది" అన్నాడు. ఆయనది మైక్రోబయాలజీ.

నేను ముందుకెళ్లి చూశాను. "గొంగళిపురుగు మేడం" అన్నాను. నిజంగానే అలా అనిపించింది. కాఫీ తోటల్లో నీడనిచ్చే చెట్ల మీద గొంగళిపురుగులుంటాయి, కొమ్మ వంచితే నూగు రాలుతుంది. డిగ్రీలో అవన్నీ నాకు కంఠతా. రెండు రకాల పేర్లు కూడా చెప్పాను.

ఆ అమ్మాయి మాత్రం వెళ్లి బెంచీ మీద వాళ్ల మధ్య కూర్చుంది. ఏదో అడిగింది. వాళ్లలో ఒకామె చెప్పడం మొదలుపెట్టింది, ఇంకొకామె అందుకుంది, మూడో ఆమె ఏదో అంటే అంత దురదలోనూ అందరూ నవ్వారు. ఆమె లేచి వచ్చి, "తోట అంచున కోశారంట మేడం. అక్కడ తీగ అల్లుకుని కాయలు ఎండిపోయి ఉన్నాయంట. కొమ్మ లాగితే పొడి రాలిందంట. దూలగొండి అయ్యుంటాది" అంది.

"దూలగొండి అయితే వాళ్లకి తెలియదా? తెలిసి ముట్టుకుంటారా?" అన్నాను నేను.

"తెలుసక్కా. మేస్త్రీ ఆ వరస కూడా కోసీమన్నాడంట. అందుకే నవ్వుతున్నారు, మేస్త్రీ కూడా గోక్కుంటన్నాడంట."

డాక్టరుగారు వాదన వినలేదు. పారదర్శకంగా ఉండే టేపు ముక్క ఒకామె ముంజేతికి అంటించి, లాగి, గాజు పలక మీద పెట్టి మైక్రోస్కోపు కింద పెట్టమన్నారు. ల్యాబ్ ఆయన చూసి, "పురుగైతే కనబడ్డంలేదు" అని పక్కకి తప్పుకున్నాడు. డాక్టరుగారు నన్ను పిలిచారు. "నువ్వు ప్రాక్టికల్స్‌లో గొంగళి నూగు చూసి ఉంటావుగా. ఇదేనా చెప్పు."

కన్ను ఆనించాను. రాగి రంగులో సన్నటి సూదుల్లాంటివి కనిపించాయి. పొట్టిగా, నిటారుగా ఉన్నాయి. గొంగళి వెంట్రుకకి పొడుగునా పక్కముళ్లు ఉంటాయి. వీటికి లేవు. ఒక్క చూపులోనే తెలిసిపోయింది. అయినా ఫోకస్ మరను ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఉండిపోయాను. సరిగా కనిపించడంలేదని చెబితే ఎవరు కాదంటారు? ల్యాబ్ ఆయనకి తెలియదు. డాక్టరుగారికి కూడా ఖచ్చితంగా తెలియదు కాబట్టే నన్ను అడిగారు. వెనకాల ఆ అమ్మాయి ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది.

"గొంగళిది కాదు మేడం" అన్నాను చివరికి.

"అయితే ఈ అమ్మాయి చెప్పిందే. జువాలజీ కాదన్నాకే కదా బోటనీ అని తేలింది" అన్నారామె. "పరీక్షల కోసం మనం వేరువేరు పేపర్లు పెట్టుకున్నాం. ఒంటి మీదకొచ్చేసరికి అన్నీ ఒకచోటే ఉంటాయి." ఆ మాటలో నాకూ వాటా ఉంది. ఇప్పుడు తలచుకుంటే తెలుస్తోంది. ఆ రోజు మాత్రం ఆమె ఆ మాట అంటూ ఎవరి భుజం మీద చెయ్యి వేశారో అదొక్కటే చూశాను. తర్వాత ఆ అమ్మాయితో, "దెబ్బలతో వచ్చిన ప్రతి ఒక్కరినీ ఇలాగే కూర్చోబెట్టి అడుగు. ఎలా జరిగిందో రాసి కేస్ షీటుకి గుచ్చు. రికార్డుల్లోకి ఎక్కుతుంది" అన్నారు.

అలా చీటీలు మొదలయ్యాయి.

మందుల అట్టపెట్టెలు చించి, లోపలివైపు తెల్లగా ఉండే ముక్కల మీద రాసేది. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత ఉండదు. 'కల్లు గీస్తూ జీలుగు చెట్టు మీంచి పడ్డాడు. మోకు తెగింది.' 'ఇంటిగోడ అలుకుతుంటే పెచ్చు ఊడి కాలిమీద పడింది.' 'అడవిలో దుంపలు తవ్వుతుంటే గునపం జారింది.' చదువుతుంటే మనిషి కళ్లకి కట్టేవాడు. నాలుగు మాటల్లో ఆమె చెప్పింది నేను రెండేళ్లలో ఏ రోగి నుంచీ రాబట్టలేకపోయాను. జనవరి దాకా ఆ చీటీలు చూసే కోడ్‌లు వేశాను. మొదటి నెలాఖరుకి డాక్టరుగారు జాబితా చూసి, "ఎంత తేడా వచ్చిందో చూశావా" అన్నారు. నన్నే చూస్తూ అన్నారు. కానీ ఆ తేడా ఎవరిదో ఇద్దరికీ తెలుసు.

కోడింగ్‌లో ఒక నియమం ఉంది. డాక్టరు రాయనిది మనం కోడ్ చేయకూడదు. కౌంటర్లో కూర్చున్న మనిషి రాసిన చీటీ డాక్టరు రాసినట్టు కాదు. విశాఖపట్నంలో ఈ నియమం తప్పినందుకు నేనోసారి మాటలు పడ్డాను కూడా. ఆ నియమం నాకు ఫిబ్రవరిలో గుర్తొచ్చింది. అంతకుముందు మూడు నెలలు ఎందుకు గుర్తు రాలేదో అడక్కండి. చీటీకున్న గుండుసూది తీసేసి, అట్టముక్కని కింది సొరుగులో వేసి, కేస్ షీటులో ఉన్నంతవరకే ఎక్కించడం మొదలుపెట్టాను. షీటులో 'పడ్డాడు, కాలర్ బోన్ విరిగింది' అని ఉంటే, కారణం తెలియదు. 'చెట్టు దగ్గర పడ్డాడు' అని ఉంటే, చెట్టు మీంచి పడ్డాడు. మొదటి చీటీ సొరుగులో వేసినప్పుడు తలుపు కేసి చూసుకున్నాను. పదో చీటీకి ఏమీ అనిపించలేదు.

అది మిరియాలు కోసే కాలం. కాఫీ తోటల్లో నీడకోసం పెంచే సిల్వర్ ఓక్ చెట్ల మీదకి మిరియాల తీగ పాకిస్తారు. చెట్లు నిలువుగా, నున్నగా ఎదుగుతాయి. ఒక వెదురు బొంగు కణుపుల దగ్గర కొమ్మల్ని జానెడు వదిలి నరికితే అదే నిచ్చెన. దాన్ని చెట్టుకి ఆనించి ఎక్కుతారు. ఆ రెండు నెలలూ పడినవాళ్లు వస్తూనే ఉన్నారు. ఆమె చీటీలన్నీ ఒకే మాట చెప్పేవి. 'నిచ్చెన తిరిగిపోయింది.' 'నిచ్చెన తిరిగిపోయింది.' నేను సొరుగు మూస్తూ, జారిపోతుంది గానీ తిరిగిపోవడమేమిటి, ఈ గుంటకి తెలుగు సరిగా రాదు అనుకునేదాన్ని. అలా అనుకోవడం బాగుండేది.

మార్చి చివర్లో డాక్టరుగారు పాడేరులో ఏదో సమావేశంలో దెబ్బల గురించి మాట్లాడాలన్నారు. జాబితా తీసి ఇచ్చాను. చదివి, కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "సగం కారణం తెలియదు. మిగతా సగం చెట్టు మీంచి పడ్డారు. అక్కడికెళ్లి నేనేం చెప్పను, చెట్లెక్కడం మానేయమనా? ఆ అమ్మాయి నిచ్చెనలంటోందే?"

"రికార్డుల్లో అలా లేదు మేడం" అన్నాను.

అబద్ధం కాదు. రికార్డుల్లో లేదు. ఎందుకు లేదో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. ఆమె కాగితం మడిచి, కౌంటర్ వైపు నడిచారు. గాజు కిటికీలోంచి ఇద్దరూ తలలు దగ్గరపెట్టి మాట్లాడుకోవడం కనిపించింది. ఆమె నన్ను దాటి అక్కడికి వెళ్లడం ఎన్నోసారో నేను లెక్క మరిచిపోయాను.

ఆ శనివారం ఒక పూట సెలవు పెట్టి, స్కూటీ మీద డుంబ్రిగుడ రోడ్డున పోయాను. నా కళ్లతో చూస్తాను, చెట్టు మీంచే పడుతున్నారని తేలుస్తాను, సోమవారం డాక్టరుగారికి నేనే చెబుతాను అనుకున్నాను. రోడ్డు పక్కన ఒక తోటలో ఇద్దరు ఆడవాళ్లు కింద రాలిన మిరియాలు ఏరుతున్నారు. ఒకామె నన్ను చూసి నవ్వింది. ఆ రోజు దురదతో వచ్చినవాళ్లలో ఉన్నామె.

"కంప్యూటరమ్మ కదా. ఏటిలా వచ్చినావు?"

"మిరియాలు ఎలా కోస్తారో చూద్దామని."

ఆమె చెట్టుకి ఆనించి ఉన్న బొంగు చూపించింది. నేను దాని మొదలు కదిపి చూశాను. నేలలో గట్టిగానే దిగి ఉంది. ఇది ఎక్కడికి జారుతుంది అనుకున్నాను. చెప్పులు విప్పి, చున్నీ నడుముకి కట్టుకున్నాను.

"వద్దమ్మా. అలవాటు లేదు నీకు. తిరుగుతాది" అంది ఆమె.

"పట్టుకుంటాన్లే."

నాలుగు అడుగులు బాగానే ఎక్కాను. అయిదో దాని మీద కుడికాలు పెట్టి, తీగ అందుకోవడానికి పక్కకి వంగాను. బొంగు గుండ్రం, చెట్టు గుండ్రం. పైన రెంటికీ ఆనే చోటు వేలెడు కూడా లేదు. నా బరువు ఒకవైపు పడగానే బొంగు జారలేదు. మొదలు కదలకుండానే, చెట్టు చుట్టూ పక్కకి తిరిగింది. గాలిలో ఉన్న ఆ కాస్తసేపట్లో నాకు తట్టింది ఒక్కటే, తిరిగిపోవడం అంటే ఇదన్నమాట అని. తర్వాత కుడిచెయ్యి నేలకి ఆనింది, మణికట్టులో పుల్ల విరిగిన చప్పుడైంది.

ఆమే ఆటో పిలిచి, నన్ను ఎక్కించి, స్కూటీని ఎవరికో అప్పజెప్పి, నాతోపాటు ఆస్పత్రికి వచ్చింది. కౌంటర్లో ఆ అమ్మాయే ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. చెయ్యి ఎలా ఉబ్బిందో చూసి, కుర్చీ తెచ్చి కూర్చోబెట్టి, డాక్టరుగారికి కబురు పంపింది. తర్వాత జడలోంచి పెన్ను తీసింది. అందరినీ అడిగినట్టే అడిగింది.

"ఎలా జరిగిందక్కా?"

"బాత్రూంలో కాలు జారింది" అన్నాను.

నాతో వచ్చిన ఆమె నా మొహం కేసి, ఆ అమ్మాయి మొహం కేసి చూసి, వాళ్ల భాషలో గడగడా చెప్పేసింది. చేత్తో బొంగు పైకి ఆనించినట్టు చూపించి, తిప్పి చూపించింది. ఆ అమ్మాయి వింటూ నన్ను పైనుంచి కిందకి చూసింది. నా చున్నీ ఇంకా నడుముకే ఉంది. జుట్టులో ఎండు మిరియాల ఆకులున్నాయి.

"నేనేం రాయాలక్కా? మీరు చెప్పింది రాయనా, ఈమె చెప్పింది రాయనా?" అంది. ఎగతాళి చేయలేదు. నిజంగానే అడిగింది.

"ఆమె చెప్పిందే రాయి" అన్నాను.

కుడి మణికట్టుకి ఆరు వారాలు కట్టు వేశారు. ఎడమ చేత్తో నేను టైపు చేయలేను కాబట్టి, డాక్టరుగారు ఆ అమ్మాయిని మధ్యాహ్నాలు నా గదికి పంపారు. నేను కోడ్ చెబితే ఆమె ఎక్కించాలి. నా కుర్చీలో ఆమె కూర్చుంది. నేను స్టూలు మీద కూర్చున్నాను. రెండోరోజుకే తెర మీద ఏది ఎక్కడుంటుందో ఆమెకి వచ్చేసింది. మూడోరోజు నా సొంత కేసు వచ్చింది.

"డబ్ల్యూ పదకొండు" అన్నాను.

ఆమె వేళ్లు ఆగాయి. "చెట్టు మీంచి పడితే డబ్ల్యూ పద్నాలుగు కదా?"

"ఇది నిచ్చెన."

"నిచ్చెనకి వేరే ఉందా?"

"ఉంది."

ఆమె తెర మీద వెనక్కి వెళ్లి మార్చి నెల జాబితా తెరిచింది. తర్వాత ఫిబ్రవరిది. మెల్లగా కిందికి జరుపుకుంటూ పోయింది. ప్రతి మనిషీ ఆమెకి గుర్తున్నాడని, పేరు దగ్గర చూపు ఆగినప్పుడల్లా నాకు తెలుస్తోంది. చివరికి, "నా చీటీలేవి?" అంది.

నేను వంగి, ఎడమ చేత్తో కింది సొరుగు లాగాను. అట్టముక్కలు పొంగినట్టు పైకి లేచాయి.

"డాక్టరు రాయనిది ఎక్కించకూడదు. అదొక రూలు ఉంది" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. "రూలు నిజమే. కానీ నేను అందుకు చేయలేదు. నిన్ను చూసి కుళ్లుకున్నాను."

ఆమె తిట్టలేదు. ఏడవలేదు. అట్టముక్కలు ఒక్కొక్కటే తీసి, తారీఖుల వరసలో టేబుల్ మీద పేర్చింది. ఒకటి ఎత్తి, "ఈయన మళ్లీ కోతకెళ్లలేదు. భుజం లేవడంలేదు" అంది. ఇంకొకటి ఎత్తింది. చదివి మళ్లీ వరసలో పెట్టింది. అన్నీ సర్దాక, "డాక్టరుగారికి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా మేడం?" అంది.

'అక్కా' పోయి వచ్చిన ఆ 'మేడం' నాకు కట్టులో ఉన్న చెయ్యికంటే ఎక్కువ నొప్పిపెట్టింది. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా ఆమె నన్ను అలాగే పిలుస్తుంది. మర్యాదగానే పిలుస్తుంది, అడిగినదానికి బాగానే జవాబు చెబుతుంది.

నేనే చెప్పాను. డాక్టరుగారు చాలాసేపు చీటీలు చదివారు. నేను నిలబడే ఉన్నాను. "రూలు తెలిసినదానివి, ఒక్కసారి వచ్చి వీటి కింద సంతకం పెట్టమని అడిగితే సరిపోయేది కదా" అన్నారు. "నేను రాసినట్టే అయ్యేది." అంత చిన్న పని. నాకు అది తట్టలేదని కాదు. తట్టింది. మొదటి చీటీ సొరుగులో వేసిన రోజే తట్టింది. ఆ సంగతి కూడా చెప్పాను. ఆమె పెన్ను తీసి, ఆ సాయంత్రం కూర్చుని, అన్నిటి కింద సంతకాలు పెట్టారు. ఆ తర్వాత చాలా వారాలు నా గదిలోకి రాలేదు. ఏదైనా కావాలంటే ఆయాతో చెప్పి పంపేవారు.

జాబితా మళ్లీ చేశాం. నేను చెప్పాను, ఆ అమ్మాయి ఎక్కించింది. ఆ పనిలో నేను మొదటిసారి వాళ్లందరినీ చూశాను. ఒక్కో కోడ్ వెనకాల ఒక మనిషి, ఒక తోట, ఒక బొంగు. బొంగు ఎలా తిరుగుతుందో డాక్టరుగారికి వివరించాల్సి వస్తే ఆ అమ్మాయి నన్ను చూసింది. "మేడం ఎక్కారు. ఆవిడే చెప్పాలి" అంది. పెన్సిలు, సీసా పెట్టి చూపించాను. పాడేరులో డాక్టరుగారు అదే చూపించారట. ఆ తర్వాతి ఏడు కొన్ని తోటల్లో బొంగు తలకి అడ్డంగా ఒక వంపు కర్ర కట్టడం మొదలుపెట్టారు. అది చెట్టుని రెండు చేతులతో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. కొన్ని తోటల్లో కట్టలేదు. పడినవాళ్లు మళ్లీ వచ్చారు. మునుపటంత మంది కాదు. అది కర్రవల్లో, ఆ ఏడు కాపు తక్కువ కావడంవల్లో నేను చెప్పలేను.

నా అసూయ మాత్రం తగ్గలేదు. ఒప్పుకున్నాక పోతుందనుకున్నాను. పోలేదు. ఆమె కోడ్‌ల పుస్తకం ఇంటికి పట్టుకెళ్లి చదివి, నేను మరిచిపోయినవి గుర్తుచేసేది. రోగుల పేర్లే కాదు, వాళ్ల మేకల రంగులు కూడా చెప్పేది. నేను చేయగలిగింది ఒక్కటే. సొరుగులు ఖాళీగా ఉంచాను. ఏ చీటీ వచ్చినా ఆ రోజే సంతకానికి పంపాను. లోపల మండుతూనే పంపాను.

రెండేళ్ల తర్వాత ఆమెకి విశాఖపట్నంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. మొక్కలూ జంతువులూ సూక్ష్మజీవులూ అన్నీ కలిపి చదివే కోర్సట. ఇక్కడ ఆమె చేసిన పని గురించి ఒక పేజీ రాసివ్వమని డాక్టరుగారు నాకు చెప్పారు. మొదట రాసినదాంట్లో 'శ్రద్ధగా పనిచేసింది' అని ఉంది. చదువుకుంటే అది ఎవరి గురించైనా రాయచ్చు. చించేశాను. రెండోసారి నిచ్చెనల సంగతి రాశాను గానీ, 'మేము కనిపెట్టాం' అని రాశాను. అదీ చించాను. మూడోసారి జరిగింది జరిగినట్టు రాసి, సొరుగు సంగతి వదిలేసి, సంతకం పెట్టించి ఇచ్చాను. ఆమె చదివి, మడిచి ఫైల్లో పెట్టుకుంది. "థాంక్యూ మేడం" అంది. బస్సు ఎక్కేముందు కౌంటర్ దగ్గరున్న ముసలమ్మలందరితో చాలాసేపు మాట్లాడింది.

ఆమె వెళ్లాక అడిగే పని నా మీద పడింది. నా ఒడియా ఇప్పుడు కొంచెం నయం. నేను మాట్లాడితే నవ్వుతారు, నవ్వుతూ నవ్వుతూ చెబుతారు. మొన్న వానలకి ఒక ముసలాయన బొటనవేలు వంకాయంత ఉబ్బిపోయి వచ్చాడు. కేస్ షీటులో 'ముల్లు గుచ్చుకుంది' అని ఉంది. మొక్కల ముళ్లకి కోడ్ ఉంది, అది వేసేయబోయి ఆగాను. బయటికెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఏ చెట్టు ముల్లు తాతా అని అడిగాను. ఆయన బోసినోటితో నవ్వి, మంచి చేత్తో గాలిలో ఈత కొడుతున్నట్టు చూపించాడు. చేప ముల్లు. గెడ్డలో, అంటే వాగులో, వల వేసి తీస్తుంటే గుచ్చిందట. వాళ్ల మాటలోనూ మన మాటలోనూ రెండు ముళ్లూ ముళ్లే. నాకు ఒళ్లు పొంగిపోయింది. అది నా సబ్జెక్టు. డాక్టరుగారిని పిలిచి చెప్పాను, ఆమె మందు మార్చారు, సంతకం పెట్టారు.

సాయంత్రం ఉండబట్టలేక ఆ అమ్మాయికి ఫోన్ చేశాను. అంతా విని, "భలే అడిగారు మేడం" అంది. తర్వాత, "ఏ చేప?" అంది.

"జెల్ల అనుకుంటా."

"అనుకుంటా అని రాస్తారా మేడం?"

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆమె మీద కోపంగా తిరిగాను. మూడోరోజు ముసలాయన కట్టు మార్పించుకోవడానికి వస్తే చేప పేరు అడిగాను. ఏదో పేరు చెప్పాడు. రెండుసార్లు చెప్పించుకుని కాగితం మీద రాసుకున్నాను. ఆ పేరు నా పుస్తకాల్లో ఎక్కడా లేదు. ఇంకా వెతుకుతున్నాను. ఆమెకి మాత్రం ఫోన్ చేయలేదు.